గుండె ఎక్కడ పెట్టాలి

లాంజౌలో, ఇనుప వంతెనకి ఇవతల,
నా బోర్డుల కొట్టు.
మూతపడ్డ దుకాణాల పేర్లన్నీ చివరికి ఇక్కడికే వస్తాయి,
కిలోల లెక్కన.

ఏడేళ్ళ చీరూయ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని
వాటిని ముక్కలు ముక్కలుగా విప్పుతాను.
స్నానశాల బోర్డులోంచి మూడు నీటి చుక్కలు రాలాయి.
లాడ్జి బోర్డులోంచి ఒక ఇంటికప్పు,
దాని కింద నిలబడ్డ మనిషి, కాస్త తుప్పు పట్టి.
కలప డిపో పోతూ పోతూ చెట్టునిచ్చింది.

"టీచరు ప్రతి అక్షరం ఇరవైసార్లు రాయమంది మామా."
రాద్దువులే. ముందు పట్టుకుని చూడు.
మనిషిని చెట్టుకి ఆనించు.
ఆనించాడు.
ఏం చేస్తున్నాడు వాడు?
"పని ఎగ్గొడుతున్నాడు."
విశ్రాంతి అంటార్లే పుస్తకంలో.

మూడు చుక్కలు ఎవరి పక్కన చేరితే వాళ్ళు తడుస్తారు:
నది, సూపు, సారా, చెమట.
కంటి పక్కన చేరితే ఏమవుతుందో
నేను చెప్పక ముందే చెప్పేశాడు.
కిటికీ అవతల పసుపు నది
తన బురద తను మోసుకుపోతోంది.

ఇంటికప్పు కింద పందిని పెడితే ఇల్లు.
"మనింట్లో పంది లేదుగా?"
లేదు.
"మరి మనది ఇల్లు కాదా?"
ఆ రాత్రి పంది మాంసం కుడుములు తెచ్చాను.
వాదన అక్కడితో సరి.

అమ్మ అనే అక్షరంలో
ఆడమనిషి పక్కన గుర్రం ఉంటుంది.
అది అర్థానికి కాదురా, పలకడానికి, అన్నాను.
ఒప్పుకోలేదు.
వాళ్ళమ్మ యావ్‌ఛిన్, నా చెల్లెలు,
ఉరుంచీ రైల్లో పనిచేస్తుంది,
నెలకి ఇరవై రోజులు పట్టాల మీదే.
"పరిగెడుతుంది కదా," అన్నాడు
గుర్రాన్ని గుప్పిట్లో బిగించి.

నేను చదివింది మూడో తరగతి.
అక్షరాలు నాకు కళ్ళతో రాలేదు, వేళ్ళతో వచ్చాయి,
తెగిన చోటల్లా ఒక గీత గుర్తు.
ఒకసారి సారా కొట్టు పేరులో ఒక్క చుక్క తగ్గింది,
నెల సంపాదన ఎగిరిపోయింది.
తప్పు ఖరీదు ఎంతో నన్నడగండి.

గుండె దొరకడం తేలిక.
ఏ కేంద్రం బోర్డు విప్పినా చివర ఒకటుంటుంది.
పక్కకి ఒదిగి నిటారుగా నిలబడే సన్న గుండె ఇంకొకటి,
అది ఫాస్ట్‌ఫుడ్ వాడిది.
దొరకనిది ఒక్కటే, "పోవడం" అనే ముక్క.
పోగొట్టుకోవడం, పారిపోవడం, చచ్చిపోవడం, అన్నిటికీ అదే.
దాన్ని గుమ్మం మీద ఎవడు వేలాడదీస్తాడు?
నూనె డబ్బా రేకు కత్తిరించి నేనే చేశాను.

దాని కింద గుండె పెట్టాను: మరిచిపోవడం.
గుండెని తీసి పక్కన నిలబెట్టాను: తీరిక లేకపోవడం.
"రెండిట్లోనూ అవే ముక్కలు," అన్నాడు
దొంగని పట్టుకున్నవాడిలా.
అవే.

శుక్రవారం అమ్మ క్యారేజీలో పెట్టడానికి
చీటీ రాశాడు, ఒకటే ముక్క. కింద ద్రాక్షగుత్తి బొమ్మ.
తుర్ఫాన్‌లో రైలాగినప్పుడు ఎండుద్రాక్ష కొంటానంది ఆవిడ.
అమ్మా, మరిచిపోవద్దు. అలా ఉండాలి.
గుండె పక్కన నిలబడింది.
అమ్మా, తీరిక లేకుండా ఉండొద్దు.

రబ్బరు తీశాను.
చెరిపితే కాగితం చిరుగుతుందేమో అనుకున్నాను.
సాకు అది.
రబ్బరు జేబులో వేసుకుని
చీటీని నాలుగు మడతలు పెట్టి
క్యారేజీ మూతలో దోపాను.

నాలుగో రోజు రాత్రి యావ్‌ఛిన్ వచ్చింది.
టోపీ అయినా తీయకుండా రేకుల మధ్య కూర్చుంది.
"పంపే ముందు నువ్వు చూశావా అన్నయ్యా?"
చూశాను.
"మరి దిద్దలేదేం?"
కింద పడ్డ మేకేదో వెతుకుతున్నట్టు వంగాను.

ఎండుద్రాక్ష తేలేదు.
మరిచిపోయింది.

వాడు ఏడవలేదు.
రేకు గుండె తీసుకుని కింద పెట్టి చూశాడు,
పక్కన పెట్టి చూశాడు,
తర్వాత ఆవిడ ఒళ్ళో పెట్టి
"ఇక్కడ పెడితే ఏమవుతుంది?" అన్నాడు.

అంచు పదునుగా ఉంది, జాగ్రత్త,
అన్నాను నేను.